పెండ్లి, లగ్గం, మనువు, వివాహం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు పెళ్లి మాటల అర్థం, పుట్టుక

ఇద్దరు సంఘం ఒప్పుకొన్న పద్ధతిలో ఆలుమగలయ్యే తంతును, దానివల్ల ఏర్పడే బంధాన్ని చెప్పడానికి తెలుగులో చాలా మాటలున్నాయి. పెండ్లి, పెళ్లి, లగ్గం, మనువు, కల్యాణం, వివాహం, పరిణయం వాటిలో ముఖ్యమైనవి. ఉర్దూ నుంచి షాదీ, నికా, ఇంగ్లిష్ నుంచి మ్యారేజ్ వచ్చి చేరాయి. తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో వీటిలో చాలావరకు నేటికీ వాడుకలో ఉన్నాయి. నిఘంటువులు వీటిని పర్యాయపదాలుగా చూపిస్తాయి గానీ, పుట్టుకలో దేని దారి దానిదే. పెండ్లి అనే మాట వెనుక స్త్రీ ఉంది, మనువు వెనుక బతుకు ఉంది, లగ్గం వెనుక ఘడియ, వివాహం వెనుక ప్రయాణం, షాదీ వెనుక సంతోషం ఉన్నాయి. ఊరి వాడుకలోనూ వీటి మధ్య పని విభజన కనిపిస్తుంది. ఇంట్లో చెప్పుకునే మాట ఒకటి, పంతులు చెప్పే మాట ఒకటి, పత్రికలో అచ్చయ్యేది ఒకటి, దఫ్తరులో రాసేది మరొకటి.

ప్రాంతం, భాషలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి 2016 అక్టోబర్ 11 వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేవి. ఆ రోజు ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ రెవెన్యూ డివిజన్లయ్యాయి. మంజీర నది, 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు సేద్యానికి ఆధారం. జిల్లాకు పడమట జుక్కల్, మద్నూర్ మండలాలు మహారాష్ట్రలోని దెగ్లూర్‌కు, కర్ణాటకలోని బీదర్ జిల్లాకు ఆనుకొని ఉన్నాయి. అక్కడ తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినిపిస్తాయి. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి చుట్టుపక్కల లంబాడీ తండాలున్నాయి. 1948 వరకు సాగిన నిజాం పాలనలో రాజభాష ఉర్దూ. పెళ్లి మాటలు ఇక్కడ ఇన్ని దారుల్లో వచ్చి చేరడానికి ఈ ఇరుగుపొరుగే కారణం.

పెండ్లి

ఇక్కడి ఇళ్లలో నోటికి మొదట వచ్చే మాట పెండ్లి. కోస్తా మాండలికంలోనూ, పత్రికల భాషలోనూ దీని రూపం పెళ్లి. రెండింటిలో పెండ్లి పాతది. ప్రాచీన కావ్యభాషలో పెండిలి, పెండ్లి రూపాలు కనిపిస్తాయి. పెండిలిలో నడిమి ఇకారం జారిపోతే పెండ్లి అయింది. తరవాత ‘ండ్ల’ అనే సంయుక్తం ‘ళ్ల’గా మారి పెళ్లి అయింది. ఈ మార్పు ఒక్క ఈ మాటకే పరిమితం కాదు. కండ్లు కళ్లయ్యాయి, ఇండ్లు ఇళ్లయ్యాయి, పండ్లు పళ్లయ్యాయి, బండ్లు బళ్లయ్యాయి. తెలంగాణ వాడుక ఈ మాటలన్నిటిలోనూ పాత రూపాన్నే నిలుపుకుంది. కాబట్టి కామారెడ్డిలో వినిపించే ‘పెండ్లి’ పెళ్లికి పల్లెటూరి ఉచ్చారణ కాదు, దాని పూర్వరూపం.

మాట మూలం ద్రావిడం. టి. బరో, ఎం. బి. ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (మొదటి ముద్రణ 1961, రెండవది 1984) పెండ్లిని తమిళ ‘పెణ్’ కుటుంబంలో చేర్చింది. పెణ్ అంటే స్త్రీ. కన్నడంలో పదాది పకారం హకారమైంది. మన పాలు అక్కడ హాలు, పులి అక్కడ హులి. అదే దారిలో పెణ్ హెణ్ణు అయింది, భార్యకు ‘హెండతి’ అన్న మాట వచ్చింది. తెలుగులో స్త్రీకి ఆ మాట ఒంటరిగా నిలవలేదు. పశుపక్ష్యాదుల్లో ఆడదాన్ని చెప్పే ‘పెంటి’లో, భార్యను చెప్పే ‘పెండ్లాము’లో, ‘పెండ్లి’లో మాత్రం మిగిలింది. వ్యుత్పత్తిని బట్టి చూస్తే పెండ్లి అంటే స్త్రీని ఇల్లాలిగా చేసుకోవడం. పేరు పురుషుడి వైపు నుంచి పడిందన్నమాట. నేటి వాడుకలో ఆ పక్షపాతం లేదు. ఆడపిల్లా పెండ్లి చేసుకుంటుంది, పిలగాడూ పెండ్లి చేసుకుంటాడు.

పెండ్లాం అనే మాట కోస్తాలో కొంత మోటుగా వినిపిస్తుంది. కామారెడ్డి ప్రాంతంలో అందులో మోటుతనం లేదు, మొగడు పెండ్లాలు అనడం మామూలు మాట. అలాగే వరుడు, వధువు అనేవి పత్రికల్లో ఉంటాయి గానీ నోట రావు. నోట వచ్చేవి పెండ్లిపిలగాడు, పెండ్లిపిల్ల. పెండ్లికొడుకు, పెండ్లికూతురు అన్న రూపాలూ ఉన్నాయి. ఇందులో కొడుకు, కూతురు చుట్టరికపు అర్థంలో లేవు. పెండ్లి ఎవరిదో వారిని ముద్దుగా చెప్పే మాటలవి. ‘పెండ్లికొడుకును చేసుడు’, ‘పెండ్లికూతురును చేసుడు’ అంటే నలుగు పెట్టి, స్నానం చేయించి, బొట్టు దిద్ది పెండ్లికి సిద్ధం చేసే తంతు. ఆ తంతు అయ్యేదాకా పిల్ల ఒట్టి పిల్లే.

సమాసాలు కట్టడంలో పెండ్లిని మించిన మాట ఇంకొకటి లేదు. పెండ్లిపందిరి, పెండ్లిపీటలు, పెండ్లిపత్రిక, పెండ్లిచూపులు, పెండ్లిబట్టలు, పెండ్లిసామాను, పెండ్లోళ్లు: ఇవన్నీ రోజువారీ మాటలే. మనుషుల పెండ్లికి బయట కూడా ఈ మాట పోతుంది. పిల్లలు బొమ్మల పెండ్లి ఆడతారు. రావిచెట్టుకు, వేపచెట్టుకు పెండ్లి చేస్తారు. కార్తీకంలో తులసి పెండ్లి వస్తుంది.

లగ్గం

తెలంగాణకు ప్రత్యేకమైన పెళ్లి మాట లగ్గం. ఇది సంస్కృత ‘లగ్నం’ నుంచి వచ్చింది. ‘లగ్’ ధాతువుకు అంటుకొను, తగులుకొను అని అర్థం. తూర్పు దిక్కున నేలా నింగీ కలిసే గీతను ఆ క్షణాన అంటుకొని ఉన్న రాశి లగ్నం. రోజుకు పన్నెండు రాశులు ఆ గీత దాటుతాయి కనుక ఒక్కో లగ్నం రమారమి రెండు గంటలుంటుంది. శుభకార్యానికి అందులో అనువైనదాన్ని పంతులు ఎంచుతాడు. ఇలా నక్షత్రశాస్త్రంలో పుట్టిన మాట మొదట ఘడియకు, ఆ మీదట ఆ ఘడియలో జరిగే పనికి పేరైంది. ఉచ్చారణలో ‘గ్న’ అనేది ‘గ్గ’ కావడం తెలుగులో కొత్త కాదు. అగ్ని అగ్గి అయింది, లగ్నం లగ్గమైంది.

పెండ్లి, లగ్గం చాలాచోట్ల ఒకదానికొకటి బదులుగా వాడతారు. కానీ కాలం ప్రస్తావన వచ్చినప్పుడు లగ్గమే ముందుకొస్తుంది. ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇలాంటి ముచ్చట ఈ ఊళ్లలో మామూలు:

‘వదినా, బిడ్డను ఏ ఊరికి ఇస్తున్నరు?’

‘లింగంపేటకే ఇస్తున్నం. మాఘమాసంల లగ్గం పెట్టుకున్నం. పెండ్లికి నాలుగొద్దుల ముందే రావాలె నువ్వు.’

ఇక్కడ పెట్టుకున్నది లగ్గం, రమ్మన్నది పెండ్లికి. ముహూర్తం నిశ్చయించడం ‘లగ్గం పెట్టుకునుడు’. దాన్ని కాగితం మీద రాయించి, నాలుగు మూలలా పసుపు పూసి రెండు వైపుల పెద్దమనుషుల నడుమ చదివించేది లగ్గపత్రిక. ముహూర్తాలు వరుసగా ఉండే రోజులు ‘లగ్గాల దినాలు’. ఆషాఢంలో, మూఢం ఉన్నప్పుడు లగ్గాలు లేవంటారు. యాసంగి పంట చేతికొచ్చాక వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో లగ్గాలు ఊపందుకుంటాయి.

పొరుగున ఉన్న మరాఠీలో పెళ్లికి మామూలు మాటే ‘లగ్న’. గుజరాతీలోనూ అంతే. మద్నూర్, జుక్కల్ వైపు తెలుగువాళ్ల లగ్గం, మరాఠీవాళ్ల లగ్న పక్కపక్కనే వినిపిస్తాయి. కోస్తాంధ్రలో లగ్నం జ్యోతిషంలోనే ఉండిపోయి, తెలంగాణలో లగ్గం పెళ్లికే పేరు కావడం గమనించదగింది. కొన్నేళ్లుగా ఈ మాట పత్రికల్లోకి, సినిమాల్లోకి కూడా వచ్చింది. 2024లో ‘లగ్గం’ పేరుతోనే ఒక తెలుగు సినిమా విడుదలైంది.

మనువు, మారుమనువు

అచ్చతెనుగు మాటల్లో మనువుకు ప్రత్యేక స్థానం ఉంది. ‘మను’ అంటే బతుకు, నిలిచి ఉండు. మనుగడ, మనికి ఆ ధాతువు నుంచి వచ్చినవే. మనువు అంటే మొదట జీవనం, తరవాత కలిసి జీవించడం, ఆపైన పెళ్లి. ధర్మశాస్త్రకర్త మనువు పేరుకూ దీనికీ సంబంధం లేదు. అది సంస్కృతం, ఇది తెలుగు. ఉచ్చారణ ఒకటే కావడంతో రెండింటినీ ముడిపెట్టడం జనంలో ఉంది.

నేటి వాడుకలో మనువు ఒంటరిగా తక్కువ, ‘మారుమనువు’లో ఎక్కువ. భర్త చనిపోయిన స్త్రీ, లేదా కుల పెద్దల ముందు తెగతెంపులు చేసుకున్న స్త్రీ మళ్లీ పెండ్లి చేసుకోవడం మారుమనువు. కోస్తాలో వితంతు వివాహం పెద్ద సంస్కరణోద్యమంగా నడిచింది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. వితంతువుల పెళ్లిపై నిషేధం ఉన్న కులాల కోసం జరిగిన పోరాటం అది. సేద్యం, చేతివృత్తుల మీద బతికే చాలా కులాల్లో మారుమనువు అప్పటికే ఆచారం. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో వెలువరించిన నిజాం రాజ్యపు కులాలు, తెగల గ్రంథం కూడా ఇక్కడి చాలా కులాల్లో విధవలు మళ్లీ పెళ్లి చేసుకునే ఆచారాన్ని నమోదు చేసింది. మారుమనువు తంతు మొదటి పెండ్లంత పెద్దగా ఉండదు. కొత్త చీర, పుస్తె, పెద్దల సాక్ష్యం ముఖ్యం. మాటలోనూ ఆ తేడా ఉంది. మేళతాళాల వేడుక ‘పెండ్లి’ అయితే, బతుకును మళ్లీ నిలబెట్టుకోవడం ‘మనువు’.

వివాహం, ఉద్వాహం, పరిణయం, పాణిగ్రహణం

సంస్కృత పదాలు పెళ్లిలోని ఒక్కో ఘట్టం పేరు మీద పుట్టాయి. ‘వహ్’ అంటే మోయు, తీసుకుపోవు. వాహనం, ప్రవాహం ఆ ధాతువు నుంచి వచ్చినవే. దానికి ‘వి’ చేరితే వివాహం, ‘ఉత్’ చేరితే ఉద్వాహం. రెండింటికీ మూలార్థం పిల్లను పుట్టింటి నుంచి అత్తింటికి తీసుకుపోవడమే. ఋగ్వేదం పదో మండలంలో 85వ సూక్తం సూర్య అనే కన్య పెళ్లిని వర్ణిస్తుంది. అందులో పెళ్లి ఊరేగింపును చెప్పే ‘వహతు’ కూడా ఈ ధాతువుదే.

‘పరి’ అంటే చుట్టూ, ‘నీ’ అంటే నడిపించు. అగ్ని చుట్టూ వధువును నడిపించడం పరిణయం. చెయ్యి పట్టుకోవడం పాణిగ్రహణం, పాణిపీడనం. అమరకోశం వివాహ, ఉపయమ, పరిణయ, ఉద్వాహ, ఉపయామ, పాణిపీడన శబ్దాలను ఒక్కచోట చేర్చి పర్యాయాలుగా చెప్పింది. మనుస్మృతి మూడో అధ్యాయం వివాహాన్ని బ్రాహ్మం, దైవం, ఆర్షం, ప్రాజాపత్యం, ఆసురం, గాంధర్వం, రాక్షసం, పైశాచం అని ఎనిమిది రకాలుగా విడదీసింది. పిల్ల ఎవరి ఇష్టంతో, ఏ ఇచ్చిపుచ్చుకోళ్ల మీద చేతులు మారిందన్నదే ఈ విభజనకు ఆధారం. వధువు వైపు సొమ్ము ముట్టజెప్పేది ఆసురం, ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నది గాంధర్వం.

ఈ మాటల్లో ఊళ్లోకి వచ్చింది వివాహం ఒక్కటే, అదీ అచ్చులో. పరిణయం నాటకాలకు, కావ్యాలకు పేరుగా నిలిచింది. శశిరేఖా పరిణయం అందరికీ తెలిసిందే.

కల్యాణం

సంస్కృతంలో కల్యాణం అంటే శుభం, మేలు. దాన్ని పెళ్లి అనే అర్థంలో స్థిరపరచింది దక్షిణాది భాషలు. తెలుగుతో పాటు తమిళ, మలయాళాల్లోనూ కల్యాణం అంటే పెళ్లి. తెలంగాణ వాడుకలో ఇది ఎక్కువగా దేవుళ్ల పెళ్లికి వర్తిస్తుంది. శ్రీరామనవమి నాటి సీతారాముల కల్యాణం పెద్దది. కురుమల కులదైవం బీరప్పకు కామరాతితో జరిపే కల్యాణం మరొకటి. డోలు దెబ్బల నడుమ ఒగ్గు పూజారులు రంగుల ముగ్గులతో పట్నాలు వేసి బీరప్ప కథ చెప్పి ఆ తంతు నడుపుతారు. ‘రాములోరి పెండ్లి’, ‘రాములోరి లగ్గం’ అనడమూ ఉంది. దేవుణ్ని ఇంటి మనిషిగా చూసినప్పుడు పెండ్లి, పూజగా చూసినప్పుడు కల్యాణం.

మనుషులకు ఈ మాట వర్తించే చోటు ఒక సామెత: కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదు. పెళ్లి కుదిరే కాలం వస్తే ఎవరూ ఆపలేరని దాని భావం. 2014 తరవాత ఈ మాటకు ఇంకో అర్థం వచ్చింది. దాని సంగతి చట్టం, పథకాల భాగంలో చూడవచ్చు.

షాదీ, నికా, బరాత్

షాదీ ఫారసీ మాట. ‘షాద్’ అంటే సంతోషంగా ఉన్న అని అర్థం. పెళ్లిని వేడుకగా చూసిన మాట ఇది. నికా అరబ్బీ నుంచి వచ్చింది. ముస్లిం ధర్మశాస్త్రంలో అది ఇరుపక్షాల ఒప్పుదలతో, సాక్షుల ముందు కుదిరే ఒప్పందం. ఖాజీ సమక్షంలో పిల్లను, పిలగాణ్ని విడివిడిగా అడిగి ఒప్పుదల తీసుకుంటారు. పిల్లకు ఇవ్వాల్సిన మహర్ ఎంతో చెబుతారు. తరవాత పెళ్లికొడుకు వైపు వారు పెట్టే విందు వలీమా. కామారెడ్డి, ఎల్లారెడ్డి ముస్లిం ఇళ్లలో షాదీ అంటే పెళ్లి మొత్తం, నికా అంటే అందులోని ఒప్పందపు ఘట్టం.

ఉర్దూ ప్రభావం హిందువుల పెళ్లి మాటల్లోనూ ఉంది. సంబంధం ‘ఖాయం’ అవుతుంది. విందు ‘దావత్’ అవుతుంది. పెండ్లి తరవాత రాత్రి ఊరేగింపు ‘బరాత్’. ఈ చివరి మాట చుట్టు తిరిగి వచ్చింది. సంస్కృతంలో వరయాత్ర, హిందీ ఉర్దూల్లో బరాత్, అక్కడి నుంచి తెలంగాణ తెలుగు. ఉత్తరాదిలో బరాత్ అంటే పెళ్లికి ముందు వరుడు వధువు ఇంటికి ఊరేగి రావడం. ఇక్కడ ఎక్కువగా పెళ్లయ్యాక జంటను బండి ఎక్కించి ఊరేగించడం. డప్పులు, బ్యాండు పోయి డీజే వచ్చినా పేరు మారలేదు.

క్రైస్తవ కుటుంబాల పత్రికలపై ‘పరిశుద్ధ వివాహం’ అని అచ్చవుతుంది. వాళ్ల పెళ్లిళ్లకు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది.

తండాల మాట, సరిహద్దు మాట

లంబాడీల గోర్ బోలీలో పెళ్లి ‘వాయా’. సంస్కృత వివాహమే ఉత్తరాది వాడుక భాషల్లో నలిగి హిందీలో బ్యాహ్, బెంగాలీలో బియే అయింది. వాయా కూడా ఆ వరుసలోదే. పుట్టింటిని వదిలే పిల్ల ఆడవాళ్ల మెడ పట్టుకొని రాగంతో ఏడుస్తూ చెప్పే ‘ఢావ్లో’ ఆ పెళ్లికి ప్రత్యేకం. వివాహం అనే మాటలోని తీసుకుపోవడం అన్న అర్థాన్ని తీసుకుపోబడే మనిషి వైపు నుంచి వినిపించే తంతు అది. జుక్కల్ వైపు కన్నడం మాట్లాడే కుటుంబాల్లో పెళ్లి ‘మదువె’. అలా ఒకే జిల్లాలో పెండ్లి, లగ్గం, లగ్న, మదువె, వాయా, షాదీ అన్నీ వినవచ్చు.

ఇచ్చుడు, తెచ్చుకునుడు, వియ్యం

పేర్ల కంటే క్రియలు ఎక్కువ చెబుతాయి. ఈ ప్రాంతంలో పెండ్లి గురించి మాట్లాడేటప్పుడు పెండ్లి అనే మాటే రాకపోవచ్చు. ‘బిడ్డను ఎక్కడిచ్చిండ్రు?’, ‘కోడలిని ఎక్కడికెల్లి తెచ్చుకున్నరు?’ అంటారు. ఆడపిల్ల వాళ్లకు ఇచ్చుడు, మగపిల్లవాడి వాళ్లకు తెచ్చుకునుడు, చేసుకునుడు. వివాహ శబ్దంలోని తీసుకుపోవడం అనే భావం ఆ శబ్దం తెలియనివాళ్ల నోటా ఈ క్రియల్లో ఉంది. ఇల్లుటం దీనికి తిరగబడిన పద్ధతి. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడే వచ్చి ఉంటాడు. అప్పుడు ‘అల్లుణ్ని ఇల్లుటం తెచ్చుకున్నం’ అని తెచ్చుకునుడు ఆడపిల్ల వాళ్లదవుతుంది.

రెండు ఇండ్ల మధ్య బంధానికి వేరే మాట ఉంది: వియ్యం. పిల్ల తల్లిదండ్రులకు, పిలగాడి తల్లిదండ్రులకు మధ్య వరుస వియ్యంకులు, వియ్యపురాళ్లు. తెలంగాణ ఉచ్చారణలో మాట మొదటి వకారం తరచుగా జారిపోతుంది. విత్తనాలు ఇత్తనాలైనట్టే ఇవి ఇయ్యంకుడు, ఇయ్యపురాలు అవుతాయి. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలన్న సామెతలో పెండ్లి ఇద్దరి మధ్య సంగతి కాదు, రెండు ఇండ్ల మధ్య సంగతి. సంబంధం, పొత్తు, చుట్టరికం కూడా ఈ అర్థంలో వచ్చే మాటలే.

ఇచ్చిపుచ్చుకోళ్లకూ పేర్లున్నాయి. పిలగాడి వైపు నుంచి పిల్ల వాళ్లకు ముట్టేది ఓలి. సంస్కృతంలో కన్యాశుల్కం. అదే పేరుతో గురజాడ రాసిన నాటకం 1892లో ప్రదర్శన, 1897లో అచ్చు పొంది ఆ సంస్కృత పేరును తెలుగునాట స్థిరం చేసింది. పిల్ల వైపు నుంచి పిలగాడికి ముట్టేది కట్నం. 1961 చట్టం దాన్ని నిషేధించినా మాటా, ఆచారమూ పోలేదు. కట్నానికి ఇంకో అర్థమూ ఉంది. పెండ్లికొచ్చినవాళ్లు ఇచ్చే చదివింపు కూడా కట్నమే. పందిట్లో ఒకరు నోటుబుక్కు పట్టుకొని కూర్చుని ఎవరెంత ఇచ్చారో పేరు, ఊరు, రూపాయలు రాసుకుంటారు. ఆ పుస్తకం ఇంట్లో భద్రంగా ఉంటుంది. కట్నం ఇచ్చినవాళ్లింట్లో పెండ్లయినప్పుడు అది తీసి చూసి, అంతకు తగ్గకుండా తిరిగి కట్నం చదివిస్తారు.

తంతుల పేర్లు

పెండ్లిలోని ఒక్కో ఘట్టానికి ఇక్కడి మాటలు వేరుగా ఉన్నాయి. పెద్దల చర్చ ‘మాటముచ్చట’. సంబంధం కుదిరాక పిల్లకు పెట్టేది ‘పూలుపండ్లు’. కుమ్మరి ఇంటి నుంచి మేళంతో తెచ్చే రంగుల కుండలు ‘ఐరేని కుండలు’. పెండ్లిపిలగాడి వాళ్లకు ఎదురెళ్లి స్వాగతం చెప్పేది ‘ఎదుర్కోళ్లు’. లగ్గం ఘడియలో జరిగేది జీలకర్ర బెల్లం. ఇద్దరూ ఒకరి తలమీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టిన క్షణమే ముహూర్తం. ముహూర్తం అంటే లెక్క ప్రకారం రోజులో ముప్పయ్యో వంతు, 48 నిమిషాలు. పత్రికలో మాత్రం నిమిషంతో సహా అచ్చవుతుంది.

మంగళసూత్రానికి ఇక్కడి మాట పుస్తె. పుస్తెలతాడుకు రెండు పుస్తెలుంటాయి. ఒకటి తల్లిగారింటిది, ఒకటి అత్తగారింటిది. పుస్తె కట్టుడు అన్నా పెండ్లి అనే అర్థం. పేదింటి పెండ్లికి ఊళ్లో పెద్దలు ‘పుస్తెమట్టెలు’ ఇస్తారు. కనీసంగా పెండ్లికి ఏం కావాలో ఆ జంటపదం చెబుతుంది. తలంబ్రాలు, నాగెల్లి, అప్పగింతలు దాటాక పిల్లకు పోసేవి ఒడిబియ్యం. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవికె బట్ట ఆమె కొంగులో పోస్తారు. ఇది పెండ్లితో ఆగదు. ఆ తరవాత కూడా తల్లిగారు బిడ్డను పిలిచి ఒడిబియ్యం పోస్తూనే ఉంటారు. ఇచ్చేసిన బిడ్డతో తెగని సంబంధానికి అది గుర్తు.

చట్టం, పథకాలు

దఫ్తరు భాషలో ఎప్పుడూ వివాహమే. 1929 నాటి బాల్యవివాహ నిరోధక చట్టం 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ ఇండియాలో అమలైంది. ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్ల నియమం 1978 సవరణతో వచ్చింది. 2006లో పాత చట్టం స్థానంలో బాల్యవివాహ నిషేధ చట్టం చేశారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మతంతో పనిలేని పెళ్లికి దారి చూపింది. జనం దాన్నే ‘రిజిస్టర్ మ్యారేజ్’ అంటారు.

1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ పెళ్లి ఎప్పుడు పూర్తవుతుందో చెబుతుంది. ఇరుపక్షాల్లో ఎవరి ఆచారం ప్రకారమైనా జరపవచ్చు. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగు పడినప్పుడు వివాహం పూర్తయినట్టు. సప్తపది లేని కులాల్లో వాళ్ల ఆచారమే ప్రమాణం. ఊరి మాటలో పుస్తె కట్టుడుకు ఉన్న బరువును చట్టం ఇలా ఆచారం పేరుతో గుర్తించింది. తంతు జరపకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే తెచ్చుకుంటే ఆ చట్టం కింద వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే చట్టం వచ్చింది.

తెలంగాణ ఏర్పడ్డాక 2014 అక్టోబర్ 2న కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు మొదలయ్యాయి. రెండు వేర్వేరు మూలాల పెళ్లి మాటలు జంట పథకాల పేర్లయ్యాయి. ఆడపిల్ల పెళ్లికి ఇచ్చే సాయం మొదట 51,000 రూపాయలు. 2017లో 75,116కు, 2018లో 1,00,116కు పెరిగింది. పిల్లకు 18 ఏళ్లు నిండి ఉండాలన్నది షరతు. దీంతో ‘కల్యాణలక్ష్మి వచ్చిందా?’ అంటే డబ్బు వచ్చిందా అని అర్థమైంది. శుభం నుంచి పెళ్లికి, పెళ్లి నుంచి చెక్కుకు కల్యాణం అనే మాట నడిచింది.

ప్రపంచ భాషల్లో

పెళ్లి మాటలు ఎక్కడైనా ఇలా ఏదో ఒక కోణం నుంచే పుట్టాయి. ఇంగ్లిష్ మ్యారేజ్ ఫ్రెంచి మీదుగా వచ్చింది. దాని మూలం లాటిన్ ‘మరీతుస్’, అంటే భర్త, పెళ్లయినవాడు. వెడ్డింగ్‌కు మూలమైన పాత ఇంగ్లిష్ ‘వెడ్’ అంటే పూచీ, మాట ఇవ్వడం. ఒప్పందంగా చూసే నికాకు ఇది దగ్గర. మ్యాట్రిమొనీలో లాటిన్ ‘మాతెర్’, తల్లి ఉంది. స్పానిష్‌లో పెళ్లి చేసుకోవడానికి వాడే ‘కసార్సె’ ఇల్లు అనే అర్థమున్న ‘కాసా’ నుంచి వచ్చింది. మన మనువులోని బతుకుకు అది చుట్టం. చైనా లిపిలో పెళ్లిని చెప్పే గుర్తులో స్త్రీని సూచించే భాగం ఒకటి, మునిమాపును సూచించే భాగం ఒకటి ఉంటాయి. పెండ్లిలోని స్త్రీ, లగ్గంలోని ఘడియ అక్కడ ఒకే అక్షరంలో ఇమిడాయి.

నేటి వాడుక

కామారెడ్డి అచ్చుయంత్రాల్లో తయారయ్యే ఒక మామూలు పెండ్లిపత్రికను చూస్తే ఈ మాటల పంపకం కనిపిస్తుంది. పైన ‘శుభలేఖ’ లేదా ‘వివాహ మహోత్సవ ఆహ్వానం’, లోపల చిరంజీవి, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, ఆపైన సుముహూర్తం, చివర విందు, ఫలానా ఫంక్షన్ హాల్. ఆ పత్రికను చేతికిస్తూ ఇంటివాళ్లు చెప్పే మాటలో మాత్రం వివాహమూ లేదు, మహోత్సవమూ లేదు: ‘మా పిల్లగాని పెండ్లి, రావాలె.’

కొత్త పెళ్లిళ్లకు కొత్త మాటలు చేరాయి. ఇష్టపడి చేసుకుంటే ‘లవ్ మ్యారేజ్’, పెద్దలు కుదిర్చితే ‘అరేంజ్డ్ మ్యారేజ్’. ఇవే వార్తాపత్రికలో ప్రేమ వివాహం, పెద్దలు కుదిర్చిన వివాహం అవుతాయి. కులాంతర వివాహం, బాల్యవివాహం, సామూహిక వివాహాలు అంటారే గానీ ఆ స్థానంలో పెండ్లి రాదు. సంఘం బయటి నుంచి చూసి పేరు పెట్టినప్పుడు సంస్కృతం, ఇంగ్లిష్ పనికొచ్చాయి. తమ ఇంట్లో జరిగేదానికి పెండ్లి, లగ్గం సరిపోయాయి. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడ్డ ఇక్కడి పిల్లలు ‘పెళ్లి’ అని రాసి, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘పెండ్లి’ అంటారు. రెండూ ఒకే మాటకు రెండు కాలాల రూపాలు. పాతది మాట్లాడే భాషలో, కొత్తది రాసే భాషలో నిలిచాయి.